సూరమ్మ పేరుతో రాసిన రోజులు

మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర, మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి, ఆడవాళ్ళు తమ గురించి తాము తెలుగులో రాసుకున్నవి ఎక్కడ దొరుకుతాయండీ అని అడిగింది. నేను ఆలోచించకుండా “దొడ్డిగుమ్మం” అన్నాను. ఫోన్ తీసి ఆ అడ్రసు కొట్టి చూపించబోతే తెర మీద ప్లాట్ల ప్రకటన వచ్చింది. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే పచ్చగడ్డి, పెద్ద గేటు, నవ్వుతూ నిలబడ్డ మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలూ. ఆ పత్రిక నడిపిన అనసూయక్క పోయాక దాని మంచిచెడ్డలు చూసేవాళ్ళు లేక, ఆ పేరును ఇంకెవరో తీసుకున్నట్టున్నారు. అన్నేళ్ళపాటు అంతమంది ఆడవాళ్ళు రాసినదంతా ఏమైందో తెలియదు. “ఇప్పుడు లేదులే అమ్మా” అని ఫోన్ పక్కన పెట్టేశాను. కానీ ఆ సాయంత్రం మాదాపూర్ నుంచి లింగంపల్లి ఇంటికి వెళ్తున్నంతసేపూ నాకు పాత ఫ్లాటు, దాని వెనక బాల్కనీ, అక్కడి సబ్బు వాసనే గుర్తొస్తూ ఉన్నాయి.

దొడ్డిగుమ్మం అచ్చులో వచ్చేది కాదు, ఇంటర్నెట్‌లోనే ఉండేది. ఆడవాళ్ళ పత్రిక అనగానే మనకు తోచే ముగ్గులూ వంటలూ మొహానికి పూసుకునే పిండ్లూ అందులో ఉండేవి కావు. కడుపుతో ఉన్న సంగతి ప్రమోషన్ అయ్యేదాకా ఆఫీసులో దాచిపెట్టినావిడ రాసేది. మొగుడు పోయాక ఆడపడుచుతో కలిసి ఇల్లు తీసుకుని ఉంటున్నావిడ రాసేది. వాటికింద చదివినవాళ్ళు తమ కథలు చెప్పుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు కూడా. ఆ పేరు అనసూయక్కే పెట్టింది. పాత ఇళ్ళల్లో వీధి గుమ్మం మగవాళ్ళదట, అసలు మాటలన్నీ వెనక దొడ్డిగుమ్మం దగ్గర ఆడవాళ్ళ మధ్య నడిచేవట, అందుకని.

పెళ్ళయ్యాక నేను తెనాలి నుంచి వచ్చి చేరింది మాదాపూర్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులోకి. అప్పటికి రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు ఇంకా లేవలేదు. మా ఆయన ఒక కంపెనీలోనూ నేను ఇంకో కంపెనీలోనూ పని చేసేవాళ్ళం. మామయ్యగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై, అత్తయ్యగారితో కాకినాడ నుంచి మా దగ్గరికే వచ్చేశారు. ఆయన తెల్లవారకముందే లేచేవారు. ముందు దగ్గు, తర్వాత బాల్కనీ తలుపు గొళ్ళెం, ఆ తర్వాత డికాక్షన్ దిగడానికి కాఫీ ఫిల్టరు మీద చెంచాతో కొట్టే చప్పుడు, ఈ వరసలో ఆయన లేచిన సంగతి ఇల్లంతటికీ తెలిసేది. అత్తయ్యగారు స్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, పప్పులో ఇంగువ తిరగమోత పెట్టేసరికి ఆ వాసన లిఫ్టు దాకా వెళ్ళేది. ఇంగువ డబ్బా మూత బిగుసుకుపోయి రాకపోతే దాన్ని చీర కుచ్చెళ్ళతో పట్టుకుని తిప్పేవారావిడ. పేపరు రాగానే మామయ్యగారు ఎర్ర బాల్‌పెన్ను పట్టుకుని కూర్చునేవారు. వార్తలు చదువుతూ చదువుతూనే అచ్చుతప్పులకు సున్నాలు చుట్టేవారు. ఒత్తు జారినా, ళ పడాల్సిన చోట ల పడినా ఇంట్లో అందరికీ వినిపించేలా చదివి నిట్టూర్చేవారు. ఆయన చెడ్డమనిషేం కాదు. ఎవరినీ గొంతెత్తి ఒక మాట అనగా నేను వినలేదు. నాకు జ్వరం వస్తే బత్తాయిరసం తీసి ఆయనే తెచ్చి ఇచ్చేవారు.

పాప పుట్టాక కొన్నాళ్ళు ఉద్యోగం మానెయ్యమన్నారు. కొన్నాళ్ళే కదా అని నేనూ మానేశాను. ఆ కొన్నాళ్ళు ఎప్పుడు అయిపోతాయో ఎవరూ చెప్పలేదు, నేను అడిగినప్పుడల్లా పాప ఇంకా చిన్నదేగా అనేవారు. వంటింటి వెనక వాషింగ్ మెషీన్ పెట్టుకునే చిన్న బాల్కనీ ఉండేది. అక్కడ నిలబడితే నేను పనిచేసిన ఆఫీసు అద్దాల గోడ కనిపించేది. సాయంత్రం కింద చాయ్ బండి చుట్టూ మెడలో కార్డులు వేసుకున్న ఆడపిల్లలు గుంపుగా నిలబడేవాళ్ళు. అంత ఎత్తు నుంచి మొహాలు కంటికి ఆనేవి కావు గానీ, వాళ్ళు వెనక్కి వాలి నవ్వడం తెలిసేది. ఇంట్లోకి కావలసినవన్నీ గుమ్మంలోకే వచ్చేవి. ఎక్కడికైనా వెళ్దామంటే మా ఆయన కారు తీసేవారు. ఆటోలో ఎందుకు, నేనున్నానుగా అనేవారు. వీధి తలుపు పక్కన ఒక చెక్కకు మేకులు కొట్టి మామయ్యగారు తాళంచెవులు తగిలించేవారు. ఒకటి ఆయనది, ఒకటి మా ఆయనది. ఎప్పటికైనా పనికొస్తుందని ఇంకొకటి బీరువాలో దాచారు. నాకు ఒకటి కావాలని అడిగితే ఆయన నవ్వి, “ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరం ఉంటాం కదమ్మా, నీకెందుకు తాళంచెవి బరువు?” అన్నారు. నిజమే, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని చెప్పాలి, వచ్చి గంట కొట్టాలి, తలుపు తీసినవాళ్ళు ఇంతసేపైందేం అని మామూలుగానే అడుగుతారు. నేను మామూలుగానే జవాబు చెప్తాను. దీన్ని కష్టమని ఎవరితో అనను? ఊపిరాడనట్టు ఉంటోందమ్మా అని ఒకసారి ఫోన్లో మా అమ్మతో అంటే, ఏసీ ఎక్కువ వెయ్యకండి, కిటికీలు తెరవండి అంది.

నాతో పనిచేసిన శైలజ ఒకరోజు దొడ్డిగుమ్మం లింకు పంపింది. మెషీన్ తిరుగుతుండగా ఆ బాల్కనీలో నిలబడే చదివాను. బట్టలు అయిపోయి మెషీన్ ఆగిపోయినా చదువుతూనే ఉన్నాను. అప్పటినుంచి బట్టలు ఉతకడం నాకు చాలా ఇష్టమైన పని అయిపోయింది. పాప గౌన్లు నాలుగు పోగవగానే మెషీన్ వేసేదాన్ని. ఇంత శుభ్రమైన కోడలు ఎవరికీ ఉండదని అత్తయ్యగారు పక్కింటావిడతో చెప్పేవారట. కొన్నాళ్ళకు అనసూయక్కకు ఒక మెయిలు రాశాను, ఆవిడ ఫోన్ చేసింది. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేది. పెళ్ళి చేసుకోలేదు. తల్లితో కలిసి బోరబండలో సొంతింట్లో ఉండేది. నెలలో ఒక ఆదివారం ఆ ఇంటి డాబా మీద పత్రికకు రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ కలుస్తారు, నువ్వూ రా చెల్లె అంది.

పాత కొలీగ్ ఇంట్లో ఏదో పూజ అని చెప్పి ఒకే ఒక్కసారి వెళ్ళాను. మా ఆయనే దింపారు. గల్లీ ఇరుకుగా ఉంది, మళ్ళీ వెళ్ళి రావడమెందుకు, ఇక్కడే కార్లో కూర్చుంటాలే, తీరిగ్గా రా అన్నారు. డాబా మీద చాపలు పరిచి ఉన్నాయి. పది పన్నెండుమంది ఆడవాళ్ళు, ఒక పెద్ద గిన్నెలో మరమరాలు, ఆరేసిన బట్టల మధ్యనుంచి కనిపించే రైలు పట్టాలు. ఎవరో తమ ఆఫీసు క్యాబ్ డ్రైవరుతో జరిగిన తగవు చెప్తున్నారు, అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నేను నవ్వుతూనే పిట్టగోడ మీదుగా కిందికి చూస్తున్నాను. కారు అద్దం దించి ఆయన పాటలు వింటున్నారు. అనసూయక్క నా పక్కకు వచ్చి కూర్చుని నెమ్మదిగా అంది. “ఏంది చెల్లె, కింద కారున్నదని పైన గూడ నిమ్మలంగ కూసుంటలేవు. ఇగ గదే రాయి.” నా పేరు తెలిస్తే ఇంట్లో గొడవవుతుందన్నాను. “పేరు వెయ్యాలెనని నాకేం జిద్దు లేదు. ఏ పేరు పెట్టుకుంటె ధైర్యమొస్తదో గా పేరు పెట్టుకో” అంది. మా అమ్మమ్మ పేరు సూరమ్మ. ఆవిడ ఎవరికీ భయపడేది కాదని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ పేరు పెట్టుకున్నాను.

రాయడానికి చాలా రోజులు పట్టింది. ఫోన్లో తెలుగు అక్షరాలు వెతుక్కుంటూ, పాప పిలిస్తే ఆపేస్తూ, మా ఇంట్లో ఒక రోజు ఎలా నడుస్తుందో కాఫీ ఫిల్టరు చప్పుడు నుంచి మొదలుపెట్టి రాశాను. ఇంగువ డబ్బా, చాయ్ బండి దగ్గర పిల్లలు, కింద ఆగి ఉన్న కారు, తాళంచెవి. ఎవరూ తిట్టరు, ఎవరూ కొట్టరు, అందుకే ఇది ఎవరికి చెప్పాలో తెలియడం లేదు అని ముగించాను. అది వచ్చిన రోజు సాయంత్రానికే దానికింద మాటలు గుట్టగా పడ్డాయి. ఇంత సుఖంలో కూర్చుని ఏడుపేమిటని కొందరు, తలుపు తీసుకుని వెళ్ళిపోక రాయడమెందుకని కొందరు. రెండోరకం వాళ్ళు నాకు ఎక్కువ కష్టం కలిగించారు, ఎందుకంటే వాళ్ళు నా వాళ్ళని అనుకున్నాను. ఒకావిడ మాత్రం “మా ఇంటి సంగతి మీకెవరు చెప్పారండీ?” అని ఒక్క వాక్యం రాసింది. అది నేను పదేపదే చదువుకున్నాను.

తర్వాత రెండు మూడు వారాలకనుకుంటాను, ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గర ఉన్నాం. మామయ్యగారు ముందే తినేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని ఫోన్ దూరంగా పట్టుకున్నారు. వాళ్ళ రిటైర్డ్ ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపారట. ఆ చేతులూ ఈ చేతులూ మారేసరికి సూరమ్మ అన్న పేరు ఎక్కడో రాలిపోయినట్టుంది. ఎవరో ఇల్లాలు రాసింది, పేరు లేదు, వినండి అని చదవడం మొదలుపెట్టారు. మొదటి వాక్యానికే నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయనది మంచి గొంతు. నేను కామా పెట్టడం మరచిన చోట కూడా సరిగ్గా ఆగి, అర్థం తెలిసేలా చదివారు. తాళంచెవి దగ్గరికి వచ్చేసరికి ఇక అయిపోయింది అనుకుని పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాను. మా మామగారు మంచివారు, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరం ఉంటాం కదా, నీకెందుకు తాళంచెవి బరువు అన్నారు అని, తన మాటను తన నోటితోనే చదివి, తెరను పైకి జరిపి ముందుకు వెళ్ళిపోయారు. అంతా చదివాక, భాష బాగుంది, ఒకటి రెండు చోట్ల వాక్యం సాగింది అన్నారు. మా ఆయన మజ్జిగ పోసుకుంటూ, “సొంతింటికి తాళంచెవి ఇవ్వకపోవడమేమిటి నాన్నా, మరీ దారుణం. ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా?” అన్నారు. నటన కాదు. ఆ ఎవరో ఇల్లాలి మీద జాలితో ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది.

గుర్తుపడతారేమోనని అన్నాళ్ళూ భయపడుతూ వచ్చాను. గుర్తుపట్టకపోతే ఎలా ఉంటుందో ఒక్కసారీ ఊహించలేదు. ఆ బల్ల చుట్టూ నన్ను ఇష్టపడే ముగ్గురు మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ నేను కనిపించడం లేదని అనిపించింది. “అది రాసింది నేనే” అన్నాను. మా ఆయన నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆయనా ఆగిపోయారు. మామయ్యగారు మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, తెరను మొదటికి లాగి, ఈసారి పెదవులు కదపకుండా చదువుకున్నారు. చాలాసేపు చదివారు. “నాతో ఒక్క మాట చెబితే సరిపోయేది కదమ్మా” అన్నారు చివరికి. చెప్పాను మామయ్యగారూ అందామనుకున్నాను, కానీ ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశారు, అనలేకపోయాను. మా ఆయన పళ్ళెం వదిలేసి ముందు బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డారు.

అత్తయ్యగారు మాత్రం లేచి గిన్నెలు తీశారు. వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, కుళాయి తిప్పి, నావైపు చూడకుండానే, “ఇంగువ డబ్బా దగ్గరే నాకు తెలిసిపోయింది” అన్నారు. కోపం వచ్చిందా అత్తయ్యా అని అడిగాను. ఆవిడ గిన్నె తోముతూనే ఉన్నారు. “నాకూ లేదుగా తాళంచెవి. అది రాయలేదేం?” అన్నారు. అన్నేళ్ళు ఒకే వంటింట్లో తిరుగుతూ ఆ సంగతి నా కంట పడనేలేదు.

మర్నాడు పొద్దున్నే మామయ్యగారు కిందికి వెళ్ళి కొత్త తాళంచెవి చేయించుకొచ్చి, ఎర్ర దారం కట్టి నా చేతిలో పెట్టారు. అత్తయ్యగారికి కూడా ఒకటి అన్నాను. “ఆవిడకెందుకమ్మా, ఆవిడెక్కడికి వెళ్తుంది?” అన్నారు ఆశ్చర్యంగా. ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకుండా తాళంచెవి పట్టుకుని కిందికి దిగాను. గేటు దాకా వెళ్ళాక ఎటు వెళ్ళాలో తోచలేదు. చాయ్ బండి దగ్గర అందరూ నాకంటే చిన్నపిల్లల్లా కనిపించారు. కాసేపు అక్కడే నిలబడి పైకి వచ్చి, తలుపు నేనే తీసుకుని లోపలికి వెళ్ళాను. గంట మోగకుండా ఎవరొచ్చారా అని హాల్లో ఉన్న ముగ్గురూ లేచి నిలబడ్డారు.

తర్వాత మా ఇంట్లో అందరూ నాతో మరీ మంచిగా ఉండటం మొదలుపెట్టారు. మా ఆయన స్నేహితులొస్తే, మా ఆవిడ రచయిత్రి అని పరిచయం చేసేవారు. కారులో వెళ్తున్నప్పుడు ఇది రాయొచ్చు, అది రాయొచ్చు అని చూపించేవారు. మామయ్యగారు దొడ్డిగుమ్మం మొదటినుంచీ చివరిదాకా చదివారు. రచనల కింద తన పేరూ హోదా వేసి అభిప్రాయాలు కూడా రాశారు. ఏదైనా రాస్తే ముందు నాకు చూపించమ్మా, భాష సరిచూస్తాను అన్నారు. ఒకటి చూపించాను. పాప జ్వరం గురించి, ఎవరినీ నొప్పించనిది. దాన్ని ప్రింటు తీయించి, ఎర్ర పెన్నుతో దిద్ది, ఒకచోట అంచున “ఇది మన ఇంటి విషయంలా ధ్వనిస్తోంది, మార్చు” అని రాసి ఇచ్చారు. ఆయన దిద్దినవన్నీ న్యాయంగానే ఉన్నాయి. నేను మళ్ళీ రాయలేదు. బాల్కనీలోకి వెళ్తే చాలు, ఏదో రాసుకుంటోంది, పిలవకండి అని లోపల గుసగుసలు వినిపించేవి. మెషీన్ పక్కన నిలబడి ఖాళీ తెర చూసుకుని వచ్చేసేదాన్ని. ఇంట్లో దాక్కునే చోటు అదొక్కటే ఉండేది, దాన్ని కూడా నా చేతులారా వాళ్ళకు చూపించేశాను.

అనసూయక్కకు ఫోన్ చేసి చెప్పుకున్నాను. తాళంచెవి ఇచ్చిన్రు గద, మంచిదే అంది ముందు. రాస్తుంటే ఎర్ర పెన్ను కనిపిస్తోందక్కా అన్నాను. “అయితె ఇగ కొన్నాళ్ళు నీది రాయకు. వేరేటోళ్ళయి పంపుత, సూడు. జర నిమ్మలమైతది” అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు, అనసూయక్క పోయేదాకా, నేను చేసింది అదే. ఊళ్ళ పేర్లు లేకుండా, మనుషుల పేర్లు మార్చి వచ్చే రచనల్లో తప్పులు దిద్దేదాన్ని. ఆ పత్రికలో నా పేరు ఎక్కడా ఉండేది కాదు. పాప బడికి వెళ్ళడం మొదలయ్యాక పట్టుపట్టి ఉద్యోగంలో చేరాను. ఎవరూ అడ్డం చెప్పలేదు. అప్పటికి వాళ్ళు నా మాటకు భయపడటం నేర్చుకున్నారు. అది కూడా నాకేం సంతోషం ఇవ్వలేదు. అత్తయ్యగారు మామయ్యగారికంటే ముందే వెళ్ళిపోయారు. మధ్యాహ్నాలు ఆవిడ పక్కన కూర్చుని, మీ సంగతి చెప్పండి అత్తయ్యా, నేను రాస్తాను అని అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. హాల్లో మామయ్యగారు ఉండేవారు. అడగలేదు.

ఇప్పుడు మాది లింగంపల్లిలో నాలుగో అంతస్తు. ఎవరి తాళంచెవి వాళ్ళ దగ్గర ఉంటుంది. ఒక్కోరోజు పొద్దున ఎవరు ఎప్పుడు వెళ్ళారో కూడా తెలియదు. అప్పట్లో నేను ఇంట్లోవాళ్ళు చదువుతారని భయపడేదాన్ని, బయట ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎంతమంది చదివినా బెంగ ఉండేది కాదు. ఈ ఏడే డిగ్రీలో చేరిన మా అమ్మాయి తన పేరుతో, తన ఫొటోతో, అన్నీ ఫోన్లో బాహాటంగా రాస్తుందట. ఎవరెవరో మగవాళ్ళు అందులో దూరి బూతులు రాస్తారట. అది వాళ్ళను తిట్టి, బయటికి తోసేసి, మళ్ళీ రాస్తుందట. ఈ సంగతి నాకు శైలజ చెప్పింది, దాని కూతురూ మా అమ్మాయీ స్నేహితులు. చాలా బాగా రాస్తుందే మీ అమ్మాయి, నువ్వు చదవడం లేదా అంది.

ఫోన్లో వెతికాను. కనిపించలేదు. నిన్న రాత్రి అన్నం తింటూ అమ్మాయిని మామూలుగా అడిగినట్టే అడిగాను. అది ఫోన్ పక్కన పెట్టి, నావైపు తిరిగి, నెమ్మదిగానే చెప్పింది. “నిన్నూ నాన్ననీ బ్లాక్ చేశానమ్మా. కోపంతో కాదు. మీరు చదువుతున్నారని తెలిస్తే నేను రాయలేను.” మంచిదేలే అన్నాను. ఇంకాస్త పెరుగు వెయ్యనా అని అడిగాను. అది చెయ్యి కడుక్కుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మా ఆయన హాల్లోంచి ఏమంటోంది అని అడిగారు, ఏమీ లేదన్నాను. బల్ల తుడిచి, గిన్నెలు సింకులో వేసి వచ్చి, కాసేపు ఆ తలుపు ముందు నిలబడ్డాను. మా గురించి ఏం రాస్తోందో. నా మాట ఏదో ఒకటి, నాకు గుర్తుకూడా లేనిది, అందులో ఉండే ఉంటుంది. శైలజను అడిగితే పంపుతుంది. నేను అడగను. అడగకుండా ఉండటం ఎంత కష్టమో మాత్రం ఇవాళ పొద్దుటినుంచీ తెలుస్తూనే ఉంది.